అమ్మ బొమ్మ కింది మూల

ఈ ఊరి ఆర్ట్ గ్యాలరీలో క్యూరేటర్‌గా పనిచేసి రిటైరైన నేను, స్థిరమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధికి పూచీ ఇచ్చిన డాక్టరును నేనే వెతుక్కున్నాను. మా తమ్ముడి భార్య చెప్పిన డాక్టరు కాదు.

1. గ్యాలరీని పాత ధాన్యం గోదాములో తెరిచినప్పటి నుంచి జరిగిన ప్రదర్శనల ఆహ్వానపత్రికలూ ఫొటోలూ గ్యాలరీ లైబ్రరీకి చెందాలి. డైరెక్టరు గదికి కాదు. ఆ గదిలోకి వెళ్ళినవి ఆయన ఇంట్లో తేలడం నేను చూశాను.

2. హాల్లో నేను కూర్చునే మడతకుర్చీ టికెట్ కౌంటర్ ఆవిడకు. మోకాళ్ళ నొప్పులున్నా అడగడానికి ఆవిడకు మొహమాటం.

3. ఇక నాన్న వేసిన అమ్మ బొమ్మ. మా ఇంటిదే అయినా గ్యాలరీ మొదటి ప్రదర్శనలో గుమ్మానికి ఎదురుగా వేలాడింది. అంతకుముందు ఇంట్లో, దాని రంగు ఆరకముందే, అమ్మ చంకలో ఉన్న తమ్ముడు వంగి కింది మూలలో వేళ్ళు గుచ్చాడు. నాన్న కోప్పడలేదు. "ఉండనీ, వాడూ ఓ చెయ్యి వేశాడు" అని నవ్వాడు. ఆ గుంటల్ని ఫ్రేము అంచు కప్పేసింది. తమ్ముడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

పెద్దయ్యాక వాడు గ్యాలరీలోనే పాడైన బొమ్మలు బాగుచేసే పనిలో చేరాడు. వార్షికోత్సవ ప్రదర్శనకు అమ్మ బొమ్మను అరువిచ్చాను. ప్రదర్శన నుంచి వచ్చిన ఏ బొమ్మనైనా ఫ్రేము విప్పి చూడడం నా అలవాటు. విప్పితే మూల నున్నగా ఉంది. అడిగితే, "ఏవో గుంటలు పడ్డాయక్కా, పూడ్చి రంగేశాను" అన్నాడు. అసలుది అమ్ముకుని నకలు అంటగట్టాడని నా అనుమానం. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు. వాడు పంపిన పళ్ళు కూడా పక్కింటికి ఇచ్చేశాను.

4. నా తదనంతరం, గ్యాలరీ పెద్ద హాల్లో, అందరి ఎదుటా, పొరుగూరి నిపుణురాలి చేత ఆ మూల పైపూత తీయించాలి. గుంటలు లేకపోతే బొమ్మ కింద "నకలు" అని రాసి గ్యాలరీ గోడకే వేలాడదీయండి. ఇల్లు గ్యాలరీకి ఇచ్చేయండి. తమ్ముడికి పూచికపుల్ల కూడా దక్కకూడదు. గుంటలు కనబడితే బొమ్మా, ఇల్లూ వాడివే. అవి ఎవరి వేళ్ళో అప్పుడు చెప్పండి. ముందే తెలిస్తే గుంటలు చేసిపెట్టగల పనితనం వాడిది.

5. అమలు బాధ్యత లాయరుగారిది. ఇంటి తాళాలు మాత్రం మరొకరి దగ్గర ఉంటాయి. బతికుండగానే ఆ పైపూత ఎందుకు తీయించలేదని లాయరుగారు అడిగారు. గుంటలు లేకపోతే నాకు తమ్ముడు లేనట్టే. అనుమానమే అయితే సగమైనా ఉన్నాడు. గుంటలు కనబడాలనే నా కోరిక. ఆ పూటకు కౌంటర్ ఆవిడనడిగి మడతకుర్చీ వాడికి ముందు వరసలో వేయండి. వాడికీ వయసైపోయింది.

తేదీ: వానాకాలం మొదటి సోమవారం, గ్యాలరీకి సెలవు రోజు.

(సంతకం) వీలునామా రాసిన అక్క

సాక్షులు: ఫ్రేములు కట్టే మేస్త్రీ, హాలు లైట్ల ఎలక్ట్రీషియన్. ఇద్దరికీ క్షణం పడదు కాబట్టి కుమ్మక్కయ్యే భయం లేదు.