యాభై మైళ్ళ దగ్గర

బిట్టర్ క్రీక్, మోంటానా
అక్టోబరు 9

చిరకాల మిత్రుడు క్లీట్‌కు,

ఓడెల్ నమస్కారాలు. ఇక్కడ నేనూ, మా ఆవిడ రోడా, మిగిలిన తొమ్మిది గుర్రాలూ క్షేమం. నువ్వూ అలాగే ఉన్నావనుకుంటున్నాను. పదకొండేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు పొయ్యిలో పడేయకు.

మన గుర్రాల ట్రైలర్ వేసవి నుంచీ ఎడమవైపు ఒరుగుతోంది. ఒక టైరు లోపలి అంచు కొరికేసినట్టు అరిగింది. మార్చాను, కొత్తదీ అరిగింది. రోగమొకటైతే మందొకటి అన్నట్టు మూడు టైర్లు తగలేశాక గానీ కిందికి దూరి చూడలేదు. ముందు చక్రం మీద బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్టలో పై పట్టీ విరిగి ఉంది. నువ్వైతే మొదటిరోజే, చక్రాన్ని కాదురా మొద్దూ, దాని పైనున్నదాన్ని చూడు అనేవాడివి.

కొట్లో మనిషి ఒక్కటి మార్చుకుంటే చాలు పెద్దాయనా అన్నాడు. మూడు ముసలి గుర్రాల పక్కన కుర్రగుర్రాన్ని కడితే బండి ఎటు పోతుందయ్యా అని నాలుగూ కొన్నాను. అది నీ మాటే. నా సొంతంలా చెప్పుకున్నాను.

పని మూడు రోజులు పట్టింది. కమాన్లను ఇరుసుకు బిగించి పట్టే యూ బోల్టులు తుప్పు పడితే కోసి పారేశాను. రెండు కమాన్ల మధ్య తక్కెడలా ఊగుతూ బరువు పంచే ముక్క అరిగిపోతే అదీ మార్చాను. కమాను నడిమి బోల్టు తల ఇరుసు మీది రంధ్రంలో కూర్చోవాలి కదా, అక్కడే చచ్చాను. ఇరుసును నేనొకవైపు నెడితే అది ఇంకోవైపు జరుగుతుంది. అలవాటుకొద్దీ, క్లీట్, కాస్త ఎత్తరా అన్నాను. రోడా కిటికీలోంచి విని, పిలిచేదేదో ఆయనకి వినపడేలా పిలువు అంది. నువ్వు లేక చాలా వెలితిగా ఉందిరా. పని కోసం కాదు.

ఆనాడు నీ గుర్రం జూనిపర్‌ను నేను పోటీలకు తీసుకెళ్తుంటే ట్రైలర్ బోల్తాపడి అది చచ్చిపోయింది. నువ్వు వేసిన కమాన్లే కొంప ముంచాయని ఊరందరి ముందూ అన్నాను. నువ్వు నీ పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయావు. ఇప్పుడు ఎవరి బండీ ముట్టవట, పానాలన్నీ అమ్మేశావట. నా చేతులే నా గుర్రాన్ని చంపాయి అన్నావట. అది విన్నప్పటినుంచీ నాకు తిండి సహించడం లేదు.

కొత్త కమాన్లు వేశాక యాభై మైళ్ళు తోలి, ఆగి, యూ బోల్టుల నట్లు మళ్ళీ బిగించాలి. నా గేటు నుంచి నీ గేటుకి యాభై రెండు మైళ్ళు. ఆదివారం ఉదయం బయలుదేరతాను. పెద్ద పానా తెస్తున్నాను. కాఫీ ఇస్తావో, తుపాకీ చూపిస్తావో నీ ఇష్టం.

నీ
ఓడెల్

తా.క.: ఇది పైనే రాయాల్సింది. నాలుగు కాగితాలు చింపినా చెయ్యి రాలేదు. యాభై మైళ్ళకి ఆగి బిగించరా అని ఆ రోజు మూడుసార్లు చెప్పావు. ఆగాను, బిగించాను అని నీకూ, షెరీఫ్‌కూ చెప్పాను. ఆగిన మాట నిజమే. ఆగి, హోటల్లో కూర్చుని ఒక ఆపిల్ పై ముక్క తిన్నాను. పానా సీటు కింది నుంచి తీయనేలేదు. నట్లు వదులై ఇరుసు జరిగింది. నువ్వు చేసిన పనిలో లోపం లేదు క్లీట్. నీ చేతులు ఏ గుర్రాన్నీ చంపలేదు.