ఒకటో లెవెల్ వాడికి ఎంత దెబ్బ

ఆదివారం, భోజనాలయ్యాక

అన్నయ్యా, మన చిన్నది గెలిచింది!

ఆగలేక ఆ ముక్క ముందే రాసేశాను. ఇప్పుడు పద్ధతిగా మొదలెడతాను. నీకూ వదినకూ నమస్కారాలు. మేమంతా కులాసా. నీ మోకాలు ఎలా ఉంది? సంతోషంలో గబగబా రాసేస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువుకో.

కిందటి ఉత్తరంలో నువ్వేం రాశావు? పాచికలు దొర్లించుకునే పిల్లని వెనకేసుకొస్తున్నానన్నావు. ఆ ఆటల కంపెనీవాళ్ళు ఏం చెబితే దానికి తలూపమన్నావు. అది ఊపలేదన్నయ్యా!

చిన్నది కట్టిన ఆట సంగతి మళ్ళీ చెబుతాను, విను. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒక్కొక్కరిదీ ఒక్కో వేషం. చిన్నది కథ నడుపుతుంది. ఎవరికి ఎంత దెబ్బ తగిలిందో పాచికలు తేలుస్తాయి. ఆడేకొద్దీ లెవెల్ పెరుగుతుంది, లెవెల్‌తో పాటు ఒంట్లో ప్రాణమూ పెరుగుతుంది. నాది దీపం మోసేవాడి వేషం. కునుకు తీసి ఆలస్యంగా చేరతాను కదా, ఎప్పటికీ ఒకటో లెవెలే.

మామూలుగా ఇలాంటి ఆటల్లో ఓ కొండచిలువ తోక విసిరితే అందరికీ ఒకటే దెబ్బ. పదో లెవెల్ వీరుడు దులుపుకుని లేస్తాడు, నాబోటివాడు పుటుక్కుమంటాడు. చిన్నది దాన్ని మార్చింది. ఎవరికి తగిలితే వారి లెవెల్‌కి తగ్గ దెబ్బ. వీరుడికీ నొప్పి పుట్టాలి, నాకూ కాస్త ఊపిరి మిగలాలి. ఆ లెక్క కుదర్చడానికి రెండేళ్ళుగా కళ్ళు లోతుకు పోయేలా కూర్చుంది పిచ్చితల్లి.

మొన్న కంపెనీ మేడమీద గదిలో పరీక్ష. ఆడేవాళ్ళు ఒకరు తక్కువైతే నన్నూ కూర్చోబెట్టారు. వీరుడి వేషం అక్కడ బొమ్మలు వేసే అమ్మాయిది. మొదట మేనేజరు ఆ అందరికీ ఒకటే దెబ్బ పద్ధతిలో ఆడించాడు. నేను నోరు తెరిచేలోపే పోయాను. ఇక ఆ ఆట అయ్యేదాకా నా ఉద్యోగం టీ కప్పులు అందించడం! రెండోసారి మన పిల్ల పద్ధతి. తోక తగిలింది, కూలబడ్డాను, కానీ బతికున్నాను. పాక్కుంటూ వెళ్ళి దీపంలో నూనె దాని కళ్ళల్లో పోశాను. గుడ్డిదై మెలికలు తిరుగుతుంటే వీరుడు నరికేశాడు. కుర్చీలోంచి లేచి గంతేశానట. చిన్నది చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

మేనేజరు మాత్రం నవ్వలేదు. కిందివాళ్ళు టపటపా రాలితేనే పైకెక్కినవాడికి ఎక్కిన రుచి తెలుస్తుందట. ఆ ఒక్క నియమం తీసేస్తే ఆట కొనే కాగితాల మీద ఇప్పుడే సంతకాలు పెట్టేసుకుందామన్నాడు. పైవాడికి కొట్టే బలం ఎలాగూ పెరుగుతోంది కదా, ఆ రుచి చాలదా అని చిన్నది నచ్చజెప్పి చూసింది. ఆయన పెన్ను మూత తీసి పట్టుకునే ఉన్నాడు. ఆ పెన్ను నా చేతికిచ్చి ఉంటే నేనే గీకేసేవాణ్ణేమో.

మన పిల్ల పాచికలు సంచీలో పోసుకుంటూ ఒకే మాటంది.

"వీళ్ళని చచ్చిపోయి పక్కన కూర్చోడానికి పిలవలేదండీ. ఆడ్డానికి పిలిచాను."

నాకైతే రొమ్ము రెండింతలైంది. ఇంకోసారి దాన్ని పాచికల పిల్ల అని రాశావా, ఆ ఉత్తరం చదవకుండా నీకే తిప్పి పంపిస్తాను. నీకు తమ్ముణ్ణే, కాదనను. కానీ దానికి తండ్రిని.

ఉప్పొంగిపోతున్న
నీ తమ్ముడు

తా.క. సంతకం అయిందా అని అడుగుతావని తెలుసు. కాలేదు. కంపెనీకి ఆట ఇవ్వకుండా ఇంటికి పట్టుకొచ్చేసింది. మెట్లు దిగుతుంటే ఆ బొమ్మలమ్మాయి వెనకే పరిగెత్తుకొచ్చి, పెట్టె మీద బొమ్మ నేనే వేస్తానంది. ఇక ఆట మేమే అమ్ముతాం, అచ్చు వేయించేది నేను పనిచేసిన ప్రెస్సులోనే. అట్టలు కోసి పెట్టెలు అంటించేది నేను. బైండింగు చేసిన చేతులు ఊరికే ఉంటాయా? కంపెనీ వద్దందని చెప్పకు, మన పిల్లే వద్దందని చెప్పు. ఎవరెవరికంటే, పెద్దక్కకి. బావకి విడిగా, అక్క సగమే చెబుతుంది. పిన్నికి, చెవి దగ్గర గట్టిగా. బ్యాంకు మేనల్లుడికి, నవ్వితే నవ్వనీ. వాడి పెళ్ళానికి, ఆ పిల్ల నవ్వదు. మన చిన్న తమ్ముడికి. వదిన పుట్టింటివాళ్ళందరికీ.