షాపు కంప్యూటర్ తెరిచేముందు

రాజూ,

మీ అన్నయ్య చనిపోయిన గురువారం నుంచి షాపు కంప్యూటర్‌ను ఎవరూ ముట్టుకోలేదు. ఇవాళ నువ్వు తెరుస్తున్నావు కాబట్టి రాస్తున్నాను. నాకు కాప్రా స్కూల్లో పరీక్షల డ్యూటీ పడింది, బస్సుకు వెళ్లాలి.

ఆన్ చేయగానే లినక్స్, విండోస్ అని రెండు పేర్లు కనిపిస్తాయి. ఎవరు పెన్ డ్రైవ్ తెచ్చినా ముందు లినక్స్‌లోనే పెట్టు. వాళ్లు మోసుకొచ్చే వైరస్‌లు అందులో పనిచేయవు. కావలసిన ఫైలు మాత్రం కాపీ చేసుకుని, మళ్లీ విండోస్‌లో తెరిచి కార్డు కంపోజ్ చెయ్యి. "ఏంది సార్, ఒక్క కార్డుకు రెండుసార్లు షురూ చేస్తరా?" అని విసుక్కునేవాళ్లుంటారు. "చర్చిలోలాగే పెన్ డ్రైవ్‌కైనా ముందు బాప్తిస్మం, తర్వాతే ప్రభువు బల్ల" అనేవారు మీ అన్నయ్య. నువ్వు ఏమీ అనక్కర్లేదు.

పదకొండింటికి మెకానిక్ మధుసూదన్ వస్తాడు. "రెండెందుకు, లినక్స్ తీసేస్తే జాగా మస్తు మిగుల్తది" అంటాడు. తీసేయమని మొన్నటిదాకా పోరింది నేనే. ఇప్పుడు తీయనివ్వకు. అచ్చుకు పంపేముందు నేను తప్పులు చూడవలసిన కార్డులన్నీ మీ అన్నయ్య అందులోనే ఉంచేవారు.

అన్నం వండిపెట్టాను. పప్పు వేడి చేసుకో.

వదిన

బన్సీలాల్‌పేట్ కాంతమణిగారు మనవరాలి పెళ్లి కార్డు కోసం వస్తే రెండు రోజులు ఆగమను. అది బుధవారం సాయంత్రమే పూర్తి చేసి, ఒకసారి చూడమని మీ అన్నయ్య నన్ను పిలిచారు. పేపర్లు దిద్దుతున్నాను, రేపు చూస్తానన్నాను. ఇంకా చూడలేదు.