పాలకేంద్రంలో సబ్బు నురగ

ఏప్రిల్ 18, 2023, ఉదయం 9
కేతేపల్లి పాలకేంద్రం చూసేది నేను. పాల కూలర్ మళ్లీ చల్లబడలేదు, పాలన్నీ విరిగి తిరిగొచ్చాయి. నెలలో ఇది రెండోసారి. మూడోసారైతే కేంద్రానికి తాళమేనని డెయిరీ సార్ ఫోన్‌లో చెప్పారు. పుష్పమ్మ అత్త విరిగిన పాలు చూసి, సుస్మితా, నా రెండు బర్లనే నమ్ముకొని బతుకుతున్న, గిట్లయితే ఎట్ల బిడ్డా అంది. తలెత్తలేకపోయాను.

మధ్యాహ్నం 3
దేవరకొండ నుంచి కొత్త మెకానిక్ పర్వతాలు వచ్చాడు. పాత మెకానిక్ పది నిమిషాల్లో గ్యాస్ నింపి పోయేవాడు. ఇతను సంచిలోంచి సబ్బు, గడ్డం గీసుకునే బ్రష్షు తీశాడు. తనకేమో బెత్తెడు గడ్డం! ఒళ్లు మండింది. పాలొచ్చే టైమవుతోంది, ముందు గ్యాస్ పొయ్యమన్నాను. యాడ కారుతాందో తెల్వకుంట పొయ్య మేడం, పోసిందంత మళ్ల గాలిల కలుస్తది అన్నాడు.

ఏప్రిల్ 19
పాలను ఐసులో పెట్టి ఆటోలో నల్లగొండకు పంపాను. ఎలాగో గట్టెక్కాయి.

పర్వతాలు ఒక్కో జాయింటుకూ నురగ పూసి బుడగ కోసం చూస్తూ కూర్చున్నాడు. రెప్ప కొట్టడు. టీ చల్లారిపోయింది. పదో జాయింటు దగ్గర చిన్న బుడగ. మళ్లీ ఇంకోటి. పైపు మీద వేలు రాసి నూనె మరక చూపించాడు. గ్యాస్‌తో పాటు నూనె కూడా బయటికొస్తుందట.

ఆ మరక నాకు తెలుసు. వెన్న అనుకుని రోజూ తుడిచాను. పాలు వడగట్టే గుడ్డలు ఉతికి మూడేళ్లుగా ఆ పైపు మీదే ఆరేస్తున్నాను. ఆ బరువుకే జాయింటు కదిలింది. తాళం పడితే నా చేతులతోనే పడేది.

చెప్పేశాను. ఏడుపొచ్చింది. జాగా కనవడితె ఎవలైన ఆరేస్తరు చెల్లె, గీనికి ఫికరెందుకు అన్నాడు.

ఏప్రిల్ 20
పర్వతాలన్న మిగిలిన గ్యాస్‌ను గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి పట్టారు. జాయింటు అతికించారు. ఇంకా కారుతోందేమో చూడటానికి పైపులోకి నైట్రోజన్ ఎక్కించి, ఒత్తిడి చూపే గేజీ ముల్లు ఉన్నచోట పెన్నుతో గీత గీశారు. రేపటిదాక ముల్లు గీ గీత మీదనె ఉంటెనె గ్యాస్ పోస్త అన్నారు. గంటకోసారి వెళ్లి చూస్తున్నాను. ఇంత ఓపికున్న మనిషిని నేను చూడలేదు. దండం పెట్టాలనిపించింది.

ఏప్రిల్ 21
గీత మీదే ఉంది!

సాయంత్రానికి పాలు నాలుగు డిగ్రీలు. వెళ్లేముందు పర్వతాలన్న గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టారు. తడిగుడ్డలు తెచ్చి దాని మీద ఆరేశాను.

ఏప్రిల్ 18, 2024
ఏడాదిలో ఒక్కసారి కూడా గ్యాస్ పొయ్యలేదు. ఈ ఉదయం తాడు తెగింది. తడిగుడ్డలు భుజాన వేసుకునే కొట్టుకు పరిగెత్తి కొత్త తాడు తెచ్చాను. పుష్పమ్మ అత్త నవ్వుతూనే ఉంది.