బస్సులో చెయ్యాల్సిన దువా

బద్వేలు, సోమవారం రాత్రి

పత్తికొండలో ఉండే చెల్లెలు హుస్సేనమ్మకు ఫోన్ చేసినా. మరిది మోకాలు ఎట్లుండాది, కోడలికి జ్వరం తగ్గిందా, మనవరాలు అన్నం తింటాందా అని వరసగా అడిగినా. దాని కంటి సంగతి మాత్రం భయమై చివరికి అడిగినా. ఆపరేషన్ శుక్రవారమంట.

"నువ్వొచ్చి నాకు చేసేదేముందక్కా, బస్సెక్కితే నిన్నే ఒకరు పట్టుకోవల్ల" అని నవ్వింది. "అయినా రా. ప్రయాణంలో ఉన్నోళ్ళ దువా అల్లా తోసెయ్యడంట. బస్సులోనే నా కంటి కోసం అడుగు."

అంత దూరం పోతే నమాజు ఎట్లా అని నాకు దిగులు. మా కోడలు రేష్మా చెప్పింది: "నాలుగు రకాతుల నమాజు ప్రయాణంలో రెండే రకాతులు అత్తమ్మా, సగమే. నిలబడలేకపోతే కూచోని చదువుకో."

ఇన్నేండ్లు ఇల్లు కదలనిదాన్ని, ఈ సంగతి నాకు అక్కరే పడలేదు. బస్సు కుదుపులు, నడుము నొప్పి, నా భయం అన్నీ అల్లా ముందే చూసి నమాజు తగ్గించినాడే. అంత పెద్దోడు ఇంత చిన్నదాన్ని తలుచుకున్నాడు చూడు.

నాకు బస్సు పడదు. దువా మధ్యలో వాంతి వస్తే... అయినా వింటాడేమో.

పోయేది పదో తేదీ, ఆపరేషన్ ముందురోజు బేస్తవారం, పొద్దున బస్సుకు.