జారుముడి

తెనాలి,
24-8-1991.

చిరంజీవి జ్ఞానానందానికి అమ్మ దీవెనలు.

దేవుని దయ వలన నేను కులాసాగా ఉన్నాను. ఇక్కడ అందరమూ కులాసా అని రాయడం మన ఇంటి అలవాటు. ఈ నెలలో ఆ మాట రాయడానికి మనసు ఒప్పలేదు కనుక నా ఒక్కదాని క్షేమమే రాస్తున్నాను. అనంతపురంలో నువ్వు, కరుణ, పిల్లలు సుఖంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మొన్న గురువారం అందింది. రక్తపోటు మాత్రలు వేసుకుంటున్నాను. పెరటి గోడ వానకు కూలలేదు. కూలిందని నీకు చెప్పినవాళ్ళను తమ గోడ సంగతి చూసుకోమను. కరుణ పంపిన వేరుశనగపప్పు బాగుంది, ఈసారి అంత పంపవద్దను. పత్రికలవాళ్ళు ఎవరూ నా దగ్గరికి రాలేదు. వస్తే చుండూరు గురించి నేనేమి చెబుతానో అన్న బెంగ నీ ఉత్తరం నిండా కనిపిస్తోంది. ఎమ్మార్వో కుర్చీలో కూర్చున్నవాడివి. ఆ బెంగను అర్థం చేసుకోగలను, మెచ్చుకోలేను.

ఇక నువ్వు అన్నిటికంటే మెత్తగా అడిగిన మాట ఉంది. "జెండా విప్పుకోలేదని బాబూరావు మామయ్య రాశాడు. నీ చేతులు వణుకుతున్నాయేమో. ఇక ఆ పని మానేసి మా దగ్గరికి వచ్చెయ్యమ్మా" అన్నావు. దానికి జవాబు ఇస్తాను. అయితే మొదటి నుంచి చెప్పనివ్వు.

మీ తాతయ్య సీమోను పెనుమూడి రేవులో పడవ నడిపేవాడని నీకు తెలుసు. నాకు అక్షరాలకంటే ముందు ముడులు నేర్పాడు. ఒక్క లాగుకు విడిపోయే జారుముడి ఒకటి, లాగేకొద్దీ బిగిసే పీటముడి ఒకటి. నలభై ఏడులో నేను గుంటూరులో బి.ఏ. ముగించి రేపల్లె బడిలో కొత్తగా చేరాను. జెండా మడతలో బంతిరేకులు పెట్టి, పైకెక్కాక ఒక్క గుంజుతో విప్పుకునేలా కట్టడం అక్కడ ఎవరికీ చేతకాలేదు. నేను కట్టాను. రేకులు రాలి అందరి తలల మీద పడ్డాయి. ఊరివాళ్ళు, మన పల్లెవాళ్ళు ఆ ఒక్క పూట ఒకే వరసలో నిలబడ్డారు. పెనుమూడి నుంచి నడిచి వచ్చిన మీ తాతయ్య నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమ్మా, ఇక మనం ఊళ్ళో బావి దగ్గర తోడుకోవచ్చా?"

"తోడుకోవచ్చు నాన్నా."

"ఎవురూ ఏం అనరుగా?"

"అనరు నాన్నా. స్వతంత్రం వచ్చింది."

బి.ఏ. చదివిన కూతురు చెప్పింది కదా అని నమ్మాడు.

తరువాత బాపట్లలో ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నాను. డెబ్బై అయిదులో, అత్యవసర పరిస్థితి నాటి ఆగస్టు పదిహేనుకు పండుగకు ముందూ తరువాతా హాజరు పట్టీ పిలవమని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. గోడల మీద ఏ నినాదం ఏ సైజు అక్షరాలతో రాయాలో కూడా వాళ్ళే పంపారు. మా లెక్కల మాస్టారు అప్పటికి జైలులో ఉన్నారు. ఆయన పేరు పిలవకుండా దాటేసి జెండా కట్టాను. ఆ సంవత్సరం పిల్లలు చప్పట్లు కొట్టడానికి కూడా మా మొహాలు చూశారు.

రిటైరై తెనాలికి వచ్చాక ఈ ఎయిడెడ్ బడివాళ్ళు ఏటా జెండా కట్టడానికి పిలుస్తున్నారు. ప్రభుత్వం మారినప్పుడల్లా పందిరి రంగు మారడం చూశాను. ఎనభై నాలుగులో పండుగ మర్నాడే ప్రభుత్వాన్ని పడగొట్టారు. స్వాతంత్ర్యం మీద ఉపన్యాసాలిచ్చిన పందిరిని ఇంకా విప్పనైనా లేదు, దాని కిందనే నిరసన సభ పెట్టారు. కుర్చీలూ అవే, కూర్చున్నవాళ్ళూ చాలావరకు వాళ్ళే. జెండా పండుగ అంటే ఎవరు కుర్చీలో ఉంటే వారి పుట్టినరోజు అన్నంత వరకు వచ్చింది. అయినా నా ముడి నేను కడుతూనే వచ్చాను. ముడిలో రాజకీయం లేదనుకునేదాన్ని.

ఈ సంవత్సరం ఆగస్టు ఆరున చుండూరులో ఊరి పెత్తందార్లు మనవాళ్ళను వెంటాడి నరికి, గోనెల్లో కుక్కి కాలువలో పారేశారు. బతికినవాళ్ళు చాలామంది తెనాలి వచ్చి తలదాచుకున్నారు. మా బడిలో తెలుగు చెప్పే దేవకుమారి మేనత్త కుటుంబం కూడా అలా వచ్చినదే. పండుగ ముందురోజు ఆ అమ్మాయి కరెస్పాండెంటును అడిగింది: జెండా ఎగరేయకముందు కాసేపు మౌనం పాటిద్దామని. సరేనన్నాడు. పదిహేనో తేదీ ఉదయం ముఖ్య అతిథి పూర్ణచంద్రరావు గారు వచ్చారు. బియ్యం మిల్లుల యజమాని. బడికి రెండు గదులు కట్టించినాయన. దేవకుమారి జాకెట్టుకు ఉన్న నల్ల రిబ్బను చూసి నవ్వారు.

"ఏంటమ్మాయ్ ఇది? పండగ పూట చావు కబుర్లేంటి?"

"కాసేపు మౌనమేనండి. కరెస్పాండెంటు గారు ఒప్పుకున్నారండి."

"తప్పు రెండు వైపులా ఉందిలే. ఆ రిబ్బనన్నా తియ్యి, లేదా ఇంటికన్నా పో. పిల్లలు లడ్డూల కోసం ఎదురుచూస్తన్నారు."

కరెస్పాండెంటు తన చెప్పుల వంక చూసుకున్నాడు. దేవకుమారి రిబ్బను తీయలేదు. గేటు దాటి వెళ్ళిపోయింది. ఆ వెంటనే పూర్ణచంద్రరావు గారు నా వైపు తిరిగి చేతులు జోడించారు: "మేడంగారూ, మీరు కట్టండి. మీ చెయ్యి పడితే తిరుగుండదు."

కట్టాను. బంతిరేకులు పెట్టాను, మడతలు ఎప్పటిలాగే వేశాను. ఆఫీసు ప్యూను లాజరు తాడు అందుకుని జెండాను పైకెక్కించాడు. బ్యాండు మొదలైంది. పూర్ణచంద్రరావు గారు లాగారు. మళ్ళీ లాగారు.

"ఇంకొంచెం గట్టిగా, సార్," అన్నాడు డ్రిల్లు మాస్టారు.

"లాగుతున్నా గదయ్యా!"

ఆయన లాగుతున్నకొద్దీ మూట బిగిసింది. వెనక వరసల్లో పిల్లలు నవ్వారు. చివరికి జెండాను కిందికి దించి డ్రిల్లు మాస్టారు బ్లేడుతో తాడు కోశాడు. రేకులన్నీ ఒకే ముద్దగా పూర్ణచంద్రరావు గారి బూట్ల మీద పడ్డాయి. అందరూ నా వైపు జాలిగా చూశారు. కాంతమ్మ టీచరు నా భుజం పట్టుకుని "వయసండీ, ఏం చేస్తాం" అంది. ఇంతవరకు నన్ను తిట్టినవాళ్ళు ఉన్నారు గాని జాలిపడినవాళ్ళు లేరు. ఆ పూట భరించాను.

నువ్వు కూడా జాలిపడ్డావు కనుక రాస్తున్నాను, జ్ఞానానందం. నా చేతులు వణకలేదు. నేను కట్టింది పీటముడి, తెలిసే కట్టాను. మీ తాతయ్య నేర్పిన రెండు ముడుల్లో రెండోదాన్ని జెండాకు వాడటం ఇదే మొదలు. జెండాను నేను అవమానించలేదు. దాన్ని నేలమీద పడనీయలేదు, పైకి పంపాను. దేవకుమారిని గేటు దాటించిన చేతితో లాగితే విప్పుకునే జెండా నేను కట్టలేను, అంతే.

ఇదంతా నా ఒక్కదానితో పోయి ఉంటే నీకు కూడా చెప్పేదాన్ని కాదేమో. నిన్న సాయంత్రం లాజరు వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మగారూ, నన్ను సస్పెండు చేశారండి. తాడు నానబెట్టి పాడుచేశానంట."

"నువ్వు నానబెట్టావా?"

"నీళ్ళు ముట్టుకుంటే గదండీ నానబెట్టడానికి! పెద్దావిడ పేరు బయటికి రాకూడదు, నువ్వే ఒప్పుకో అంటన్నారండి. సంతకం పెడితే మళ్ళీ తీసుకుంటారంట. పెట్టేదా?"

నా పరువు కాపాడటానికి లాజరు కూడు తీస్తున్నారు! పెట్టవద్దన్నాను. సోమవారం ఉదయం నేను బడికి వెళ్ళి, ఆ ముడి నాదేనని, పొరపాటు కాదని కరెస్పాండెంటు ముందూ ఉపాధ్యాయులందరి ముందూ చెబుతాను. ఎందుకు కట్టానో కూడా చెబుతాను. జెండా విషయం కనుక పోలీసుల దాకా వెళ్ళవచ్చు. వెళ్ళనీ. ఈ ఉత్తరం నీకు చేరేసరికి అది అయిపోయి ఉంటుంది. నువ్వు టెలిగ్రాం ఇచ్చి ఆపే వ్యవధి ఉండదు, అదే మంచిది. నీ ఉద్యోగానికి దీని సెగ తగలవచ్చు. తగిలితే, మా అమ్మతో నాకు సంబంధం లేదని రాసిచ్చుకో. నేను తప్పు పట్టను. కాని ఆ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు, పెనుమూడి నుంచి నడిచి వచ్చి బావి సంగతి అడిగిన మనిషిని ఒక్కసారి తలచుకో. ఆయన ఆ బావి దగ్గరికి వెళ్ళాడు. బిందె పగలగొట్టి పంపారు. నాకు చెబితే నా చదువు చిన్నబోతుందని చనిపోయేదాకా చెప్పలేదు. మీ అమ్మమ్మ చెప్పింది.

అనంతపురం రాను. ఇక్కడ నాకు పని ఉంది. దేవకుమారి రోజూ సాయంత్రం చుండూరు పిల్లలకు పాఠాలు చెబుతోంది. లెక్కలు, ఇంగ్లీషు నేను చెబుతున్నాను.

పిల్లలకు ముద్దులు. బాబూరావు మామయ్యకు నువ్వే రాయి: అక్కయ్య చేతులు నిలకడగానే ఉన్నాయని, ఆ ముడి ఎలా పడాలో అలాగే పడిందని.

ఇట్లు,
ఎవరి జాలీ అక్కరలేని
నీ అమ్మ,
సుగుణమణి.