ఆమె బదులు నేను పలికాను

నాన్నకి,

నీ చిన్నది నమస్కరించి రాసేది. ఇక్కడ నాకు ఒంట్లో కులాసాగానే ఉంది. నువ్వూ, అమ్మా, నాన్నమ్మా అక్కడ బాగున్నారనే నమ్మకంతో మొదలుపెడుతున్నాను. నాన్నమ్మ దగ్గు తగ్గిందో లేదో రాయలేదేం? చలికి నా చెవులు ఊడిపోలేదనీ, రెండూ ఉన్న చోటే ఉన్నాయనీ ఆవిడతో చెప్పు.

నేనుంటున్న ఇంటావిడ ఎలాంటిదని అమ్మ అడిగింది. రిటైరైన నర్సు. మాట కరుకే గానీ మనసు మంచిది. ఇక్కడి భాష నేను తప్పుగా మాట్లాడితే నవ్వదు, సరిచేసి ఊరుకుంటుంది.

"ఏడాది చదువుకని పంపితే ఆ సేవా క్లబ్బులేమిటే? మొక్కలు నాటడం ఇంకా అవలేదా?" అని కదా నువ్వు రాశావు. నాలా పైదేశాల నుంచి వచ్చిన విద్యార్థులు ఊళ్లో ఏదో ఒక క్లబ్బులో చేరాలి నాన్నా. మొదట్లో మొక్కలే. తర్వాత ఇంటావిడ నడిపే క్లబ్బుకి మారాను. అమ్మ భయపడుతుందని రాయలేదు. అయినవాళ్లెవరూ రాని రోగులు ఒంటరిగా పోకుండా, ఆసుపత్రిలో వంతులవారీగా పక్కన కూర్చుంటాం. తడిగుడ్డతో పెదాలు తుడుస్తాం, దుప్పటి సర్దుతాం, చెయ్యి పట్టుకుంటాం. అంతే పని.

పోయినవారం నా వంతుకి ఒక ముసలి తాపీమేస్త్రి వచ్చాడు. సిమెంటు తినేసిన అరచేతులు. ఊపిరితిత్తులు పాడైపోయాయి. కూతురికి ఫోన్ చేస్తే "చూస్తాను" అని పెట్టేసిందట. ఎప్పుడూ మగతగా పడుండేవాడు. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి నా వేళ్లు గట్టిగా పట్టుకున్నాడు.

"వచ్చావా తల్లీ?"

నన్ను కూతురనుకున్నాడు.

"ఇంకా కోపమేనా నామీద?"

గొంతులో గురక. మళ్లీ అదే అడిగాడు. మళ్లీ. నిన్ను తప్ప ఎవరినీ అలా పిలవని నోటితో, "లేదు నాన్నా" అనేశాను. ఆయన మొహం తేటపడింది. నా చెయ్యి వదిలి పడుకున్నాడు. సాయంత్రానికి పోయాడు.

మర్నాడు కూతురు వచ్చింది. అమ్మ వయసుంటుంది. లాండ్రీలో పనట, చేతులు బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి.

"ఏమైనా అన్నాడా?"

అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఆవిడ గొంతు పెంచలేదు.

"నువ్వు పట్టుకున్న ఆ చెయ్యే మా అమ్మ పళ్లు రాలగొట్టింది. ఆ మాట ఒక్కసారి అడిగితే, అవును, ఇంకా కోపమే అని మొహం మీద చెప్పాలని ఇన్నేళ్లూ కాచుకున్నాను. తీరా అడిగాడు. నువ్వు క్షమించేశావు. ఎవరే నువ్వు?"

శవాన్ని చూడకుండానే వెళ్లిపోయింది. మేస్త్రిని క్లబ్బువాళ్లమే సాగనంపాం. ఇంటావిడ నన్ను తిట్టలేదు. "మనం కూర్చోడానికి వెళ్తాం, జవాబులివ్వడానికి కాదు. నీ చోట నేనున్నా ఏం చేసేదాన్నో తెలీదులే" అంది.

నాన్నా, ఆయన మొహం తలుచుకుంటే మంచిపనే అనిపిస్తుంది. ఆవిడ మొహం తలుచుకుంటే అన్నం ముద్ద దిగదు. ఉండబట్టలేక నిన్న ఆ లాండ్రీకి వెళ్లాను. ఆవిడ తడి దుప్పట్లు పిండి, బండిలో వేస్తోంది. క్షమించమన్నాను.

"ఆ మాట మాత్రం అడక్కు" అంది తలెత్తకుండానే. వచ్చేస్తుంటే వెనక్కి పిలిచింది. "ఇంకెవరైనా అలా అడిగితే, 'ఆమె రాలేదు' అని చెప్పు. అదైనా నిజం."

రేపు మళ్లీ నా వంతు. వెళ్తున్నాను. ఈసారి ఎవరైనా అడిగితే ఆ మాట నా నోట వస్తుందో రాదో తెలియడం లేదు. అమ్మకి ఇది చదివి వినిపించాలో వద్దో నువ్వే చూసుకో. నాకు మాత్రం నీ చేతిరాతతో నాలుగు ముక్కలు రాయి.

ఇట్లు,
నిన్నొక్కడినే నాన్నా అని పిలవాల్సిన
నీ చిన్నకూతురు